ఎడమ పెడల్

మోకాలికి కట్టుతో వరండాలో కూర్చుని, తల్లి తన సైకిల్‌కి ఊడిపోయిన ఎడమ పెడల్ పెడుతోంది. కొడుకు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

“వదిలెయ్యమ్మా. పాత ఇనుము కొనేవాడు వచ్చేస్తున్నాడు.”

“వస్తే మంచినీళ్ళిచ్చి పంపు. సైకిల్ మాత్రం ఇవ్వను.”

“మళ్ళీ పడతావు. నీకిప్పుడు బ్యాలెన్స్ ఆగట్లేదు.”

“నేను పడలేదురా. పెడల్ ఊడి పడేసింది.”

“ముందురోజే నా చేతులతో బిగిస్తే ఎలా ఊడుతుంది?”

“ఎటు తిప్పి బిగించావు?”

“ఎటేమిటి? అన్ని మరల్లాగే కుడివైపుకి.”

“ఇదిగో, కుడికే తిప్పుతున్నా. పట్టిందా?”

“లేదు... బయటికొస్తోంది.”

“ఇప్పుడు ఎడమకి.”

స్పానర్ తిరిగినకొద్దీ పెడల్ లోపలికెళ్ళి గట్టిగా బిగిసింది. కొడుకు వంగి చూశాడు.

“ఇదేంటి, ఎడ్డెమంటే తెడ్డెమంటోంది?”

“ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుంది నాయనా. పొద్దున్నుంచి కుస్తీ పడితే నాకూ తెలిసింది. నువ్వు బిగించానని మురిసిపోయి, సగం ఊడదీసి నన్ను రోడ్డెక్కించావు.”

“సర్లే, తప్పు నాదే. అయినా కుట్టు షాపుకి నేను బండి మీద దింపుతాగా?”

“నీ వెనకాల మూటలా కూర్చోను. నా పనికి నా కాళ్ళతోనే వెళతా.”

గేటు చప్పుడయింది. పాత ఇనుము వాడు పిలుస్తున్నాడు.

“వచ్చేశాడమ్మా! ఏం చెప్పమంటావు?”

ఆమె కుంటుకుంటూనే సైకిలెక్కి, స్పానర్ కొడుకు చేతిలో పెట్టింది.

“ఇది అమ్మెయ్. నీ చేతిలో ఉన్నంతకాలం నా మోకాళ్ళకి గండమే.”