గింజలు తీసే మిషను

రాయచోటిలో వెల్డింగు పని చేసే గురప్ప కోసం అతని చెల్లెలు శివలీల కడప కోర్టు బయట టీ అంగడి దగ్గర పొద్దున్నుంచీ ఎదురుచూస్తోంది. మధ్యాహ్నానికి అతను నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

“ఏమైందన్నా? గెలిచినామా?”

“గెలిచినాం మ్మా! చింతపండు గింజలు తీసే మిషను నాదేనని ఆ పెద్ద అంగడోళ్లే ఒప్పుకున్యారు.”

“రెండేండ్లు పట్టె! నీ దగ్గర పేటెంటు కాగితం ఉన్నా, వాళ్లు అమ్మే మిషన్ను చూసి నువ్వే కాపీ కొట్టినావని ఊరంతా అన్యారు గదన్నా.”

“ఈ పొద్దు జడ్జి రెండు మిషన్లూ బల్ల మీద పెట్టించినాడు. పిడి ఎడమపక్క ఎందుకు పెట్టినారని వాళ్ల ఇంజనీరును అడిగినాడు.”

“ఆయప్ప ఏం చెప్పినాడు?”

“ఏం చెప్తాడు, తల గోక్కున్యాడు. తర్వాత నన్నడిగినాడు. మా అమ్మకు ఎడంచేతివాటం సార్, ఆమె కోసమే చేసినా అంటి. జడ్జికే నవ్వాగల్యా.”

“అంటే అమ్మ పిడిని గూడా వదల్లేదా వాళ్లు!”

“కొలతతో సహా దించినారు! ఇంగ వాళ్ల లాయరే రాజీకొచ్చినాడు. ఆ నకళ్లు అమ్మడం మానేస్తారంట. నా షెడ్డులో చేసినవే, పెట్టె మీద నా పేరేసి, వాళ్ల అంగళ్లలో పెడతారు.”

“అమ్మకు చెప్పినావా?”

“ఇప్పుడే ఫోన్ చేసినా. శానా సంతోషపడింది.”

“ఏమనింది?”

“‘అంతమంది కొంటారు గదా, ఇంగనైనా కుడిచేతోళ్లకు ఒకటి చెయ్‌రా’ అనింది.”