సుభాని గీయని గీత

పెద్దలారా, మెకానిక్ అన్నలారా, అక్కలారా! మన కోట ఊళ్లోని షెడ్లన్నీ ఈ పూట షట్టర్లు దించాయి. ముందు వరసలో నాగూర్‌బీ అక్క ఉంది. పక్కన కొడుకు తహీర్ ఉన్నాడు. పోయిన శుక్రవారం నమాజు నుంచి వచ్చి, షెడ్డులో బల్ల మీద కూర్చొని, గుండె పట్టుకొని ఒరిగిపోయిన మన సుభాని అన్న కోసం ఇక్కడ చేరాం.

నా పేరు జకరయ్య. ఆయన షెడ్డు పక్కన ఇనుము చెక్కే లేత్ మిషన్ నాది. ఏ రోజు జమాఖర్చు ఆ రోజు రాసుకోవడం తప్ప, నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. ఇవాళ మాట్లాడక తప్పదు.

సుభాని మంచివాడని ఇంతవరకూ అందరూ చెప్పారు. నిజమే. ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయనకు అనుమానం ఎక్కువ. చక్రాన్ని నమ్మడు. బేరింగును నమ్మడు. బండి తెచ్చిన మనిషిని అసలే నమ్మడు. ఇంట్లోనూ అంతేనట. నాగూర్‌బీ అక్క అనేది: "మంచం కోళ్లు నాలుగూ ఊపి చూసిగానీ పడుకోడు జకరయ్యా ఈయన. ఏదో ఒకనాడు నన్ను గూడా జాకీ ఎక్కిస్తాడు." నవ్వక్కా, పరవాలేదు. ఆయన ఉన్నా నవ్వేవాడే.

తోటపల్లి గూడూరు నుంచి రొయ్యల వ్యాను తెచ్చిన పెంచలకృష్ణ గుర్తున్నాడా? ఎడమ వెనక చక్రం రొద చేస్తోంది, బేరింగు మార్చమన్నాడు. సుభాని ఏం చేశాడు? ఎడమ చక్రం వదిలేసి కుడిదాన్ని జాకీ మీద లేపాడు. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాడు. పెంచలకృష్ణ ఊరుకుంటాడా? "నేను ఎడమ అంటే నువ్వు కుడి పీకతావేంది సామీ, చెవుడా?" అన్నాడు. సుభాని చక్రం తిప్పి, దాని పైనున్న కమాను స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి, "ఇట్ట వచ్చి చెయ్యి పెట్టబ్బయా. చెవి మోసం చేస్తాది" అన్నాడు. పెంచలకృష్ణ చెయ్యి పెట్టాడు. ఇసుక నలిగినట్టు తగిలింది. చెరువు గట్ల మీది ఉప్పునీళ్లు కుడి బేరింగును తినేశాయి. రొద మాత్రం బండి కిందుగా పోయి ఎడమ పక్క వినిపిస్తోంది.

నా పనినీ నమ్మేవాడు కాదు. నేను లేత్ మీద తిప్పి ఇచ్చిన ప్రతి బుష్షూ, అంత చిన్న ఇనుప గొట్టం ముక్కను కూడా, నా ముందే కొలిచేవాడు. ఒకసారి కోపమొచ్చి అడిగాను, ఇన్నేళ్లయినా నా మీద నమ్మకం లేదా అన్నా అని. "నీ మీద ఉండాది. ఇనుము మీద లేదు" అన్నాడు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. తడలో లారీలు తిప్పే ఫ్రెడ్డీ గారి పందెం కారు సుభాని షెడ్డులో ఉంది. తిన్నటి రోడ్డు మీద, నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా దూకి ఎవరు ముందు చేరతారన్నదే ఆ పందెం. ఆ దూకుడు బరువంతా వెనక యాక్సిల్ మీద పడుతుంది. అది విరిగిందా, చక్రంతో సహా బయటికి వచ్చేస్తుంది. అందుకే సుభానికి ఒక పద్ధతి ఉండేది. యాక్సిల్ బిగించే ముందు, పడవలకు వేసే తెల్ల రంగుతో దాని పొడవునా తిన్నగా ఒక గీత గీసేవాడు. పందెం అయ్యాక ఊడదీసి చూసేవాడు. గీత మెలి తిరిగితే ఇనుము మెలి తిరిగినట్టే. ఇక దాన్ని బండికి ఎక్కించేవాడు కాదు.

పోయిన నెల పందెం ఆడిన కారు, ఆయన పోయే ముందు రోజే షెడ్డుకు చేరింది; యాక్సిల్ ఊడదీయకుండానే ఆయన వెళ్లిపోయాడు. ఈ ఆదివారం మళ్లీ పందెం. నడిపేది తహీర్. సుభాని బొమ్మతో బ్యానర్లు కూడా వచ్చాయి. నిన్న ఫ్రెడ్డీ గారు, తహీర్, నేను కలిసి యాక్సిల్ ఊడదీశాం. గీత తిన్నగా ఉంది. "చూడు జకరయ్యన్నా, సుభాని భాయ్ ఆశీర్వాదం" అన్నారు ఫ్రెడ్డీ గారు. నాకు సంతోషం కలగలేదు. నెల రోజులు గేరు ఆయిల్లో నానిన రంగు అంత తెల్లగా ఎట్లా ఉంటుంది? యాక్సిల్ చివర పళ్లలాగా తిన్నగా కోసి ఉండే గాడుల్లో గోరు పెట్టి లాగాను. గోరు పక్కకు జారింది. గాడులు మెలి తిరిగాయి. గీత మాత్రం తిరగలేదు. ఇనుము తిరిగితే దాని మీది గీత తిరగకుండా ఉంటుందా?

మాకంటే ముందే ఎవరో దాన్ని ఊడదీసి, పాత గీత తుడిచి, కొత్తది గీసి మళ్లీ బిగించారు. ఎవరు?

ముందు ఫ్రెడ్డీ గారినే అనుమానించాను. మీ ముఖం మీదే చెబుతున్నాను, కోప్పడకండి. బ్యానర్లు మీవి, కారు మీది, తొందర మీది. కానీ ఆ గీత మొదట్లో ఒక చుక్క ఉంది. సుభాని అట్లాగే చుక్క పెట్టి మొదలుపెట్టేవాడు. ఆ పద్ధతి ఆయన చెయ్యి పట్టుకొని నేర్పింది ఒక్కరికే. నాక్కూడా నేర్పలేదు.

నేను పేరు చెప్పను. తండ్రి పేరు మీద ఒక్కసారి పరుగు తియ్యాలని ఎవరికుండదు? కానీ నాగూర్‌బీ అక్క ముందు ఇంకో సంతాప సభలో నిలబడి మాట్లాడటం నా వల్ల కాదు.

కారు జాకీ మీద ఉంది. యాక్సిల్ ఈ గోనెసంచిలో ఉంది. ఉదయం నేనే తెచ్చాను. ఎవరినీ అడగలేదు.

తహీర్, ముందుకు రా నాయనా. దీన్ని బయటికి తీసి పట్టుకో. గీతను చూడొద్దు. కళ్లు మూసుకొని గాడుల మీద వేలు పెట్టు.

అందరూ లేవండి. ఫ్రెడ్డీ గారూ, మీరు కూడా. గడియారం ఎవరూ చూడొద్దు. తహీర్ ఆ ఇనుమును తనంతట తాను కింద పెట్టేవరకూ మౌనంగా నిలబడదాం.