బడిని తిరగేసి తీసిన ఫోటో

"ఫోటో అనేదాన్ని ఈ భూమ్మీద కనిపెట్టిందే నేను" అన్నాడు తాత, టీకొట్టు బల్ల మీద సర్దుకు కూర్చుంటూ. టీకొట్టాయన గ్లాసులు కడగడం ఆపి అటు చూసేసరికి, భూమ్మీద అంటే మన వీధిలో అని ఒక మెట్టు దిగాడు. పక్కనున్న దర్జీ కూడా తలెత్తాడు. కనిపెట్టడమంటే కెమెరా పెట్టె మోశానని ఇంకో మెట్టు దిగి, అక్కడ నిలదొక్కుకున్నాడు.

ఇంత హడావిడి ఎందుకంటే, ఎదురు బల్ల మీద ఆడపిల్లల బడి పెద్ద పంతులమ్మ కూర్చుని ఉంది. ఆవిడ చేతిలో దొరల కాలంనాటి బడి ఫోటో. రేపు వార్షికోత్సవం. ఫోటోలో ఉన్న పిల్లల్లో ఒక్కరైనా మిగిలుంటే వేదిక మీద నడిమి కుర్చీలో కూర్చోబెట్టాలని ఆవిడ పట్టుదల. ఆనాడు చదువుకున్న ముసలమ్మలు ముగ్గురు దొరికారు గానీ, ముగ్గురూ ఫోటో చూసి మేము కాదమ్మా అని తేల్చేశారు. తాత కన్ను ఆ కుర్చీ మీద పడింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఎవరూ వేదిక ఎక్కించలేదు. ఎక్కిస్తే దిగడని అందరికీ భయం.

కథ మొదట్లో నేల మీదే నడిచింది. ఆ రోజుల్లో ఫోటో అంటే టక్కున నొక్కితే వచ్చేదా? మూడు కాళ్ళ మీద పెట్టె, పెట్టెలో గాజు పలక, పైన నల్లగుడ్డ, గుడ్డలో దూరిన ఫోటోగ్రాఫరు. పెట్టె ముందున్న మూత తీసి మళ్ళీ పెట్టేదాకా ఎవరూ కదలకూడదు, కదిలితే మొహం పొగలా అలుక్కుపోతుంది. పిల్లలు ఊరుకుంటారా? తాత ఒక్క చూపు చూశాడట. పిల్లలు బిగుసుకుపోయారు. నల్లబల్ల మీద వాలబోతున్న ఈగ గాల్లోనే ఆగిపోయింది. గోడ గడియారం ఊగడం మానేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడ్డలో ఫోటోగ్రాఫరు కూడా బిగుసుకుపోయాడు. ఇక మూత పెట్టేవాడేడీ?

"నువ్వు బిగుసుకుపోలేదా తాతా?" అన్నాడు దర్జీ.

నా చూపు నాకెలా తగులుతుందిరా అని విసుక్కుని తాత నల్లగుడ్డలో తల దూర్చాడు. చూద్దును కదా, లోపల బడంతా తలకిందులు! అలా పంపితే ఫోటో అడిగిన పెద్ద దొర దగ్గర పరువేం కావాలి? అంచేత బయటికొచ్చి, చొక్కా చేతులు మడిచి, బడిని రెండు చేతులా పట్టుకుని తిరగేశాడట, పిల్లలూ బల్లలూ గడియారంతో సహా. ఒక్క సిరాబుడ్డి ఒలికితే ఒట్టు. పని కాగానే మళ్ళీ దించాడు గానీ, తొందరలో తూర్పు తలుపు పడమటికి పెట్టేశాడు. ఇప్పటికీ అలాగే ఉంది, కావాలంటే వెళ్ళి చూసుకోమన్నాడు.

పొయ్యి మీద టీ పొంగిపోయినా టీకొట్టాయన చూసుకోలేదు. తాత మీసం మెలేశాడు.

పంతులమ్మ నవ్వింది. "మా బడిని జాగ్రత్తగా దించారు, సంతోషం తాతగారూ. కానీ కుర్చీ ఫోటోలో ఉన్నవాళ్ళకే. ఇందులో అందరూ ఆడపిల్లలే కదా" అని ఫోటో సంచీలో పెట్టుకుని లేచింది.

కుర్చీ నడిచి వెళ్ళిపోతున్నట్టనిపించింది తాతకి. మింగలేక కక్కలేక కాసేపు గిలగిల్లాడి, ఆవిడ వీధిలోకి అడుగుపెట్టేలోగా ఆపాడు. గొంతు తగ్గించి చెప్పాడు: ముసలమ్మలు అబద్ధమాడలేదు. ఆడపిల్లలు చదువుకుంటున్నారని పెద్ద దొరకి చూపించడానికి తీసిన ఫోటో అది. తీరా ఆ రోజు, పరాయి మగాడి ఎదుట కూర్చోవాలనేసరికి ఏ ఇంటివాళ్ళూ పిల్లని పంపలేదు. ఫోటోగ్రాఫరేమో వచ్చేశాడు, ఎండ పోతోంది. అప్పటి పంతులమ్మ గోడ అవతల మగపిల్లల బడిలోకి పరిగెత్తి, దొరికినవాణ్ణి దొరికినట్టు పట్టుకొచ్చి, సవరాలు కట్టి గౌన్లు తొడిగించింది.

"ముందు వరసలో రెండు జడలేసుకుని, బొమ్మ పట్టుకున్న పిల్ల ఉంది చూడు," అన్నాడు తాత తలెత్తకుండా, "అది నేనేనమ్మా."

పంతులమ్మ సంచీలోంచి ఫోటో తీయగానే దర్జీ లాక్కుని ఆ పిల్లనీ తాత మీసాన్నీ మార్చిమార్చి చూశాడు. ఆవిడ నవ్వాపుకుని, అయితే కుర్చీ మీదే, రేపు పొద్దున్నే వచ్చెయ్యండి అంది.

తాత తల ఒక్కసారిగా లేచింది.

"మిగతా వెధవలంతా ఫోటో అవగానే జడలు పీకేసుకున్నారు," అన్నాడు. "నాకు కుదిరినట్టు ఎవడికీ కుదర్లేదులే. నేను మర్నాడు కూడా జడలతోనే బడికెళ్ళాను."