ముద్దాయి కుర్చీ

నా ఈ వీడ్కోలు సభకి అధ్యక్షత వహిస్తున్న కమిషనర్ గారికి, ఆయన పక్కనున్న రిటైర్డ్ జడ్జిగారికి, ముందు వరసలోని పెద్దలకి, నా తోటి ఉద్యోగులకి, గోడవార నిలబడి కాళ్ళు మార్చుకుంటున్న కానిస్టేబుల్ తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నమస్కారం. టీ చల్లారిపోతోందని వెనకనించి సైగలు వస్తున్నాయి కాబట్టి త్వరగానే ముగిస్తాను.

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు నన్ను ధైర్యవంతురాలన్నారు. ఆ మాట దిద్దాలి. పదకొండేళ్ళు నేను భయపడుతూనే పనిచేశాను. ఇవాళా భయంగానే ఉంది. ఎందుకో చెబుతాను.

మీలో సగంమందికి నా పనేమిటో తెలియదు. మా ఆడపడుచు మొన్నటిదాకా అడుగుతూనే ఉంది, "వదినా, ఇంతకీ నువ్వు దొంగల్ని పట్టుకుంటావా లేదా?" అని. "దొంగల్ని కాదమ్మా, కాగితాలు పట్టుకుంటాను" అంటే, "దానికి యూనిఫాం ఎందుకు మరి?" అంటుంది. (నవ్వులు) అదిగో, రెండో వరసలో మా ఆయన. ఆయన సులువుగా తేల్చేశారు: "మా ఆవిడ కాగితాలకి మసి పూస్తుంది."

దాదాపు నిజమే. నేరస్థుల చుట్టుపక్కల బతికే మనుషులు కొందరు మనకి రహస్యంగా సమాచారం ఇస్తారు. అది కాగితం మీదికి ఎక్కుతుంది. కేసు కోర్టుకి వెళ్ళాక, అందులో ముద్దాయికి పనికొచ్చే మాట ఉంటే అతని లాయరుకి ఇచ్చి తీరాలి. దాస్తే అమాయకుడు జైలుకి పోవచ్చు. చెప్పిన మనిషిని పట్టించే మాట ఉంటే నల్లసిరాతో కప్పాలి. కప్పకపోతే ఆ మనిషి బతకకపోవచ్చు. చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో ఉంటాయి. మాకు తేలకపోతే జడ్జిగారి గదిలో తలుపులు మూసుకుని తేల్చుకుంటాం. ఏ కాగితం ఎలా వెళ్ళాలో చివరి సంతకం నాది. మొదటి అంతస్తు, వరండా చివరి గది, కిటికీలోంచి సైకిల్ స్టాండు కనిపిస్తుంది.

ఆ గదిలో మూడు కుర్చీలు. ఒకటి నాది, ఒకటి ఫైళ్ళు రాసే మా రైటర్‌ది. మూడోదాన్ని ముద్దాయి కుర్చీ అంటాం. కొత్తవాళ్ళెవరైనా తెలియక కూర్చుంటే, "అప్పుడే కూర్చున్నారా, ఏ సెక్షన్ కింద?" అని ఆటపట్టిస్తాం. (నవ్వులు) సిరా పూసిన ప్రతి కాగితాన్నీ బయటికి పంపేముందు ఒకరు ఆ కుర్చీలో కూర్చుని, తనే ముద్దాయి అనుకుని చదవాలి. వాక్యం వాక్యానికీ ఆగి, "ఇది ఎవరికి తెలుసు?" అని పైకి అడగాలి. ఆ పనిలో మా అటెండర్ పెద్దాయన్ని మించినవాళ్ళు లేరు. చూడండి, తలుపు దగ్గర ఎలా తల దించుకున్నారో.

ఆ కుర్చీ వేయించింది నేనే. ఎందుకు వేయించానో బయట ఎప్పుడూ చెప్పలేదు.

ఏడేళ్ళ కిందట ఒక గోదాము కేసు. కాపలాదారుని చంపారు. ముఠా నాయకుడు, ఒక డ్రైవరు ముద్దాయిలు. ఒకావిడ నాయకుడి ఇంటి మేడమీది గదిలో ఆయుధం చూసి మనకి చెప్పింది. ఆ హత్యకి ఎవరెవరు వెళ్ళొచ్చారో ముఠావాళ్ళ నోటే విని, అదీ చెప్పింది. వాళ్ళలో డ్రైవరు లేడు. కాబట్టి కాగితం ఇవ్వాల్సిందే. పేరు కప్పాను, వయసు కప్పాను, ఆవిడ చేసే పని కప్పాను, తేదీ కూడా కప్పాను. మూడుసార్లు చదివాను. ఒక్క ముక్క వదిలేశాను. "మెట్ల పక్క ఊచలకి వేసిన పెయింటు ఇంకా ఆరలేదు" అని ఉంది. నాకది వట్టి పెయింటు. ఆ ఇంటివాడికి అది ఫలానా రోజు, ఫలానా పూట. ఆ పూట మేడెక్కిన బయటి మనిషి ఒక్కతే.

కాగితం వెళ్ళిన మూడోరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరు చేశారో చెప్పను, అలవాటు పోదు. (నవ్వులు) "మేడం, ఆ పెయింటు సంగతి ఎందుకు ఉంచారు? లోపలున్నవాడు అది చదివి నవ్వాడట" అని ఫోను పెట్టేశారు. టోపీ కూడా పెట్టుకోకుండా జీపు దగ్గరికి పరిగెత్తాను.

నలభై నిమిషాల్లో ఆవిడనీ ఇద్దరు పిల్లల్నీ అక్కణ్ణించి తీసుకొచ్చేశాం. తీగ మీద తడిబట్టలు అలాగే వదిలేసింది. జీపులో "తప్పు నాదమ్మా" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒక్కటే అడిగింది, "మీరు చదవలేదా అమ్మా?" అని.

మూడుసార్లు చదివాను, కానీ నాలాగే చదివాను, వాడిలా చదవలేదు. మర్నాడే ఆ మూడో కుర్చీ వేయించాను.



ఆవిడని ఎక్కడ ఉంచారో నాకు తెలియదు. తెలియకూడదు. క్షేమమేనా అని అడగడానికి కూడా లేదు. ఆ కాగితం వల్ల డ్రైవరు మాత్రం విడుదలయ్యాడు. ఒకసారి ఆఫీసుకొచ్చి, "నేను ఎవరికి దణ్ణం పెట్టుకోవాలి మేడం?" అన్నాడు. "ఎవరికీ వద్దు నాయనా, ఇంటికెళ్ళు" అన్నాను.

ఇక ఇవాళ్టి భయం. అప్పీలు నడుస్తోంది. నాయకుడు బెయిలు మీద బయటికొచ్చి మూడు వారాలైంది. అతని కొత్త లాయరు అదే కాగితం, నలుపు లేకుండా, కావాలని అడిగారు. అడగడం ఆయన హక్కు. ఇప్పటిదాకా నాయకుడిది ఊహే, ఆ నలుపు తీస్తే రుజువైపోతుంది. సోమవారం జవాబివ్వాలి. సోమవారం నేనుండను. నా కుర్చీలో, ఇదిగో నా పక్కన కూర్చున్న ఈ అమ్మాయి ఉంటుంది.

అమ్మాయ్, నిన్న బీరువా తాళాలు ఇస్తుంటే "మీరేం భయపడకండి మేడం, నేను చూసుకుంటా" అన్నావు. ఆ మాటకే నాకు భయమేసింది. నువ్వు భయపడు. సంతకం పెట్టేముందు వెళ్ళి ఆ మూడో కుర్చీలో కూర్చో. తేలకపోతే జడ్జిగారి తలుపు తట్టు, నామోషీ అనుకోకు. ఆలస్యమైందని ఎవరైనా కసురుకుంటే కసురుకోనీ.

కమిషనర్ గారు నావైపు కంగారుగా చూస్తున్నారు. ఈవిడ ఇన్నేళ్ళు దాచి మైకు దొరగ్గానే కక్కేసిందేమిటా అని. లేదండి. ఈ ప్రసంగాన్ని నిన్న మా పెద్దాయన ఆ కుర్చీలో కూర్చుని చదివారు. "ఇది ఎవరికి తెలుసు మేడం?" అని తొమ్మిది చోట్ల నన్ను ఆపారు. ఆ తొమ్మిదీ మార్చేశాను, కాబట్టి అది గోదాము కాదు. ఏడేళ్ళూ కాదు. పెయింటు కాదు, మెట్లూ కాదు. చెప్పిన మనిషి ఆడో మగో, పిల్లలున్నారో లేరో మీకెవరికీ తెలియదు. తప్పు మార్చలేదు, భయం మార్చలేదు. "మీరు చదవలేదా" అన్న మాటా మార్చలేదు. అది నాకూ ఆ మనిషికీ తప్ప మూడో మనిషికి తెలియదు కాబట్టి ఉంచుకోవచ్చన్నారు పెద్దాయన.

కమిషనర్ గారికి, జడ్జిగారికి, మా రైటర్‌కి, పెద్దాయనకి, పదకొండేళ్ళు "ఇవాళ ఏం జరిగింది?" అని అడగకుండా టీ కప్పు చేతికిచ్చిన మా ఆయనకి కృతజ్ఞతలు. ఇంకొకరికి కూడా రాసుకొచ్చాను. (కాగితం పైకెత్తి చూపించారు) ఆఖరి రెండు పంక్తులు, చూశారుగా, నల్లగా ఉన్నాయి. పెద్దాయన పూసిన సిరా. ఏం రాశానో నాకు గుర్తుంది, కానీ చదవను. ఆ మనిషి ఈ సాయంత్రం ఎక్కడో ఒక బజారుకి వెళ్ళి, ఎవరూ గుర్తుపట్టకుండా ఇంటికి చేరుకుంటే, నా కృతజ్ఞత అందినట్టే.

సెలవు.