బతికున్నవాడికి బంతిమాల

ఉంజింటో అనే ఊళ్ళోని ఒక ఇంట్లో, చనిపోయిన అవ్వ ఫోటోల కోసం మనవరాలు కొన్న డిజిటల్ ఫ్రేముకు బంతిపూల మాల వేలాడుతోంది. తాత దాని ముందు నుంచి కదలడం లేదు.

"ఏమే, ఇంకా పోనివాడికి మాలేమిటే?"

"ఫోటోలు మారుతుంటాయి తాతా. కాసేపు అవ్వ, కాసేపు నువ్వు. ఇద్దరూ కలిసి దిగింది ఒక్కటీ లేదుగా."

"అంటే పది సెకన్లకోసారి చచ్చి బతుకుతున్నానన్నమాట."

"ఇప్పుడు తెర మీదున్నది నీ మొదటి ఓటు ఫోటో."

"అవును, ఆ రోజు ఊళ్ళో అందరికంటే ముందు వేసింది నేనే."

"క్యూలో నీ ముందు వందమంది ఉన్నారు తాతా."

"వాళ్ళంతా నాకు తోడొచ్చినవాళ్ళే."

"సరే, మాల తీసెయ్యనా, నీ ఫోటో తీసెయ్యనా?"

తెర మీదికి భార్య వచ్చేదాకా ఆయన ఆగాడు.

"రెండూ వద్దు. మాల వేయించుకునేంత ఘనకార్యం నేనేం చేశాను గనక? మీ అవ్వ పుణ్యమా అని ఒకటి పడింది, ఉండనీ."