చెల్లి టీకా

చిలకలూరిపేట పక్క ఊళ్లో, బడి వరండాలో కరోనా టీకాలు వేస్తున్నారు. నర్సు ముందు కూర్చున్న ముసలావిడకి రెండు జబ్బల మీదా పాత టీకా మచ్చలున్నాయి.

“అదేంటి మామ్మగారూ, అప్పట్లో రెండు చేతులకీ వేశారా?”

“ఎడమది నాదమ్మా. కుడిది మా చెల్లి సౌభాగ్యానిది.”

“మీ చేతి మీద ఆవిడదేంటండీ?”

“తెల్లదొరల రోజులు. మశూచికి టీకాలేసే ఆయన ఇంటింటికీ పిల్లల పేర్లు రాసుకుని వచ్చి వీధరుగు మీద కూర్చున్నాడు. అమ్మ పురిటికి పుట్టింటికెళ్లింది, ఇంట్లో చూపు ఆనని నాయనమ్మే ఉంది. చెల్లి ఏడుస్తా పత్తిగదిలో దాక్కుంది. నేను వేయించుకొచ్చి, దాని పరికిణీ కట్టుకుని మళ్లీ వెళ్లి, దాని పేరు చెప్పి రెండో చెయ్యి చాపా. పిల్లల మొహాలు చూసే తీరిక ఆయనకెక్కడిది?”

“చిన్నపిల్ల. తెలీక చేశారు.”

“దాన్ని ఏడిపించడం ఇష్టంలేక చేశా. ఆ వేసవిలోనే దానికి ఒళ్లంతా అమ్మవారు పోసింది. అమ్మ పసిబిడ్డనెత్తుకుని వచ్చేసరికి చెల్లి లేదు.”

“అమ్మగారికి చెప్పారా?”

“ఎట్టా చెప్పను? టీకా వేయించినా పిల్ల దక్కలేదని అమ్మ ఊరంతా చెప్పుకుని ఏడ్చింది. మరుసటేడు ఆయనొస్తే మా వీధిలో ఒక్కరూ తలుపు తియ్యలేదు. అప్పుడూ నేను నోరు మెదపలేదు.”

నర్సు దూదితో ఎడం జబ్బ తుడవబోయింది.

“ఎడం చేతికి వేస్తానండి.”

“వద్దు తల్లీ, కుడిచేతికి వెయ్యి. సౌభాగ్యం ఈసారి ఏడవదులే.”