ట్యూబులైటు కింద మొప్పలు

రామాంజనేయులికి కోపమొస్తే ముందు చెయ్యి లేస్తుంది, నోరు తరవాత. భవానీపురంలో కొత్తగా కట్టుకున్న ఇంటి ముందుగదిలోనే చేపలమ్ముతూ, ఆ సాయంత్రం బేరానికొచ్చిన హోటలు వెంకటప్పయ్య తల పగలగొట్టాడు. అంతటితో కోపం తీరక బావమరిది కోసం ఊరంతా గాలించి ఇల్లు చేరాడు. పెళ్ళాం కొండలమ్మ పడగ్గది తలుపుకి అడ్డం నిలబడింది.

"తప్పుకో."

"తప్పుకోను."

"నీ తమ్ముడు లోపలున్నాడా, లేడా?"

"ముందా కత్తి కింద పెట్టు మావా."

"కాశీగాణ్ణి నరికాక పెడతా. వన్ టౌన్‌లో వాడు పనిచేసే కరెంటు సామాన్ల కొట్టుకీ పోయా. దొరకలేదు."

"వాడేం చేశాడు?"

"పైకి చూడవే. ఆ ట్యూబులైటు బిగించిందెవడు? పొద్దున పట్టిన శీలావతులు. ఎండలో మొప్పలు ఎర్రగా నిగనిగలాడాయి. దీని కింద పెట్టేసరికి కుళ్ళినవాటిలా పాలిపోయి కనపడ్డాయి."

"వాడు పెట్టిన రూలా అది? కరెంటు కోతలాయె. కొత్తిళ్ళకి గుండు బల్బులొద్దు, ట్యూబులుంటేనే కనెక్షనన్నారు."

"ఇల్లు కాదు, కొట్టు అని చెబితే ఆ రూలు లేదుగా?"

"ఆ మాటే వాడు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. కొట్టు అని రాయిద్దాం బావా, కాస్త ఆలస్యమైనా బల్బు పెట్టుకోవచ్చన్నాడు. కొట్టంటే చేపలోళ్ళ కొట్టంటారు, మేడంటే మేడే, ఇల్లనే రాయించమన్నదెవరు?"

"అదిప్పుడెందుకు?"

"ఎవరు?"

"అదొద్దన్నానా. నా ఇంట్లో నిలబడి, నా మొహం మీదే, కుళ్ళిన చేపలమ్మి మేడ కట్టావన్నాడు వెంకటప్పయ్య. మా అమ్మ కూడా నిన్నటి చేప ఇవాళ అమ్మి ఎరగదే."

"అంటే? తూకంరాయి పెట్టి కొడతావా?"

"ఒక్కటే కొట్టా."

"అబద్ధం. పడ్డాక కూడా కొట్టావు. నేను కాళ్ళు పట్టుకుంటే నన్నూ తన్నావు."

"బతికే ఉన్నాడా?"

"ఇప్పుడడుగుతున్నావా? నువ్వు కాశీని నరకడానికి అటు పోయావు. పని నుంచి ఇటే వస్తూ నా కేకలు విని వాడే పరిగెత్తుకొచ్చాడు. ఆయన్ని ఎత్తుకుని రిక్షాలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది వాడే."

"బతికున్నాడా అనడిగానే."

"ఇంకా కళ్ళు తెరవలేదంట."

"ఎవరు చెప్పారు? కాశీ వచ్చాడా? పిలు. ఏం చెయ్యనులే, పిలు."

"లోపల లేడు."

"మరి తలుపుకి అడ్డమెందుకే?"

"నీ చొక్కాలున్నది ఈ గదిలోనే గదా."

"పిచ్చెక్కిందా? పక్కకి జరుగు. ఈ నెత్తురు కడుక్కోవాలి. రాత్రికి మంగళగిరి పోతా, మా చిన్నాన్న దగ్గరుంటా."

"రిక్షా ఆయనొచ్చి చెప్పాడు. ఆసుపత్రికి పోలీసులొచ్చారంట. ఎవరు కొట్టారంటే, నేనే అన్నాడంట నా తమ్ముడు. మోసుకుపోయినోడి బట్టలకీ నెత్తురే గదా, నమ్మేశారు."

"కాశీగాడా? ఎందుకన్నాడు?"

"అక్క కాపురం నిలబడాలని. చొక్కా మార్చకు మావా. ఆ నెత్తుటితోనే స్టేషనుకి నడు."